బ్రహ్మచారి సారు భార్య

"ఆంటీ! ఓ ఆంటీ! మన సారు స్వామీజీ అయిపోయిండు!"

లత మెట్లెక్కుతూ పెట్టిన కేకకు సూరత్‌లోని వడోద్‌లో, వరస గదుల ఆ చాల్‌లో పైనుంచి కిందిదాకా తలుపులన్నీ తెరుచుకున్నాయి. సుభాషిణి అప్పుడే నోట్లో పిన్నీసు పెట్టుకుని చీర కుచ్చెళ్లు సర్దుకుంటోంది. నోట్లో పిన్నీసు ఉన్న మనిషిని అట్లా అదరగొట్టకూడదని ఈ కాలం పిల్లలకు ఎవరు చెప్పాలి? మింగకుండా బయటికి తీసిందంటే అది ఆమె అదృష్టం.

"ఏందే నీ లొల్లి? పోయిన మనిషి ఇప్పుడు కొత్తగ ఏమైతడే?"

"నువ్వే చూడు!" లత ఫోను తెచ్చి ఆమె ముక్కుకు ఆనించినంత పని చేసింది. పగలు రింగ్ రోడ్డు మీద చీరల దుకాణంలో బిల్లులు కొట్టి, సాయంత్రం సుభాషిణి దగ్గర పదో తరగతికి చదివే పిల్ల అది. తెలుగులో మొదలుపెట్టి, హిందీలో ఉరికి, గుజరాతీలో ఆగుతుంది. "పరమేశన్న గ్రౌండ్ల ఫ్లెక్సు కట్టించిండు కదా. దేఖో తో సహీ!"

సుభాషిణి చూసింది. రెండంతస్తుల ఎత్తున కాషాయం రంగు ఫ్లెక్సు. దాని మధ్యలో తన మొగుడు. తల వెనకాల వెలుగులు చిమ్మే చక్రం, కాళ్ల కింద విచ్చుకున్న తామరపువ్వు. గడ్డం ఛాతీ దాకా ఉంది. భుజాల మీద కాషాయం గుడ్డ. కుడిచెయ్యి ఎత్తి లోకాన్నంతా దీవిస్తున్నాడు. కింద గుజరాతీలో గుమ్మడికాయలంత అక్షరాలు. సుభాషిణి కూడబలుక్కుని చదివింది.

"పూజ్య... శ్రీ... బ్రహ్మచారి... మహారాజ్."

"అయ్యో నా తల్లీ!" అని మంచం మీద కూలబడింది.

ఆ ఫొటో ఆమెకు ఎరుకే. మొదటి లాక్‌డౌన్‌లో తీసింది. మంగలి దుకాణాలన్నీ మూతబడి సారుకు గడ్డం అడవిలా పెరిగింది. మాస్కులు దొరక్క నారింజ రంగు తువ్వాల ముక్కుకు కట్టుకుని తిరిగేవాడు, మాట్లాడాల్సి వస్తే దాన్ని మెడ మీదికి లాగేవాడు. ఇక ఆ ఎత్తిన చెయ్యి దీవెన కానే కాదు. బియ్యం పంచుతుంటే ఒకరి మీద ఒకరు పడుతున్న జనాన్ని "ఎనకకు జరుగుండ్రి! దూరం దూరం!" అని కసురుతున్న చెయ్యి అది.

ఇక పేరు సంగతి. మెట్‌పల్లి దిక్కు కంసాలి పనిచేసే అవుసులోళ్ల ఇండ్లలో, వడ్రంగం చేసే వడ్లోళ్ల ఇండ్లలో మగపిల్లవాడు పుడితే బ్రహ్మచారి అని పేరు పెట్టడం మామూలు. వీరాచారి, సోమాచారి ఎట్లాగో ఇదీ అట్లాగే. ఆ బ్రహ్మచారికి వేళకు పెళ్లి చేస్తారు. పెళ్లి పత్రికలో "చిరంజీవి బ్రహ్మచారి వివాహ మహోత్సవం" అని బంగారు అక్షరాలతో అచ్చు వేయిస్తారు. చదివినవాడెవడూ నవ్వడు, ఎన్నింటికి భోజనాలని అడుగుతాడు. సూరత్‌కు వచ్చిన తెలుగువాళ్లు కూడా ఆ పేరును అట్లాగే మోసుకొచ్చారు. ఇన్నేళ్లలో ఏ ఒక్కడికీ, గుజరాతీవాడి చెవిన ఆ మాట పడితే వాడికి ఏం అర్థమవుతుందోనన్న ఆలోచనే రాలేదు.

పరమేశ్‌కు అసలే రాలేదు. అతను సారు దగ్గర చదువుకున్నవాడు, ఇప్పుడు పాండేసరాలో ఒక ఖాతాలో సాంచల మేస్త్రీ. సాంచలంటే మరమగ్గాలు, అవి నడిచే షెడ్డును ఇక్కడ ఖాతా అంటారు. లోపల చెవి దగ్గర నోరు పెట్టి అరిచినా సగం మాటే చేరుతుంది. ఆ మోతలోంచే ఫ్లెక్సువాడికి ఫోను చేసి "బ్రహ్మచారి! బ్రహ్మచారి సారు!" అని గొంతు చించుకున్నాడు. అవతలివాడు "బ్రహ్మచారి మహారాజ్?" అని అడిగితే ఇతనికి వినబడింది మొదటి ముక్కే. "హా హా, వహీ!" అని పెట్టేశాడు. ఫొటో చూసినవాడికి ఇక అనుమానమేముంటుంది? తామరపువ్వు తన భక్తి కొద్దీ వాడే పెట్టాడు, పైసా అడగలేదు పాపం.

"ఇప్పుడేం చేద్దామే?" అంది సుభాషిణి.

"ముందు నువ్వు చీర కట్టుకో ఆంటీ. గుజరాతీ ఆడోళ్లు కొబ్బరికాయలు పట్టుకుని వస్తున్నరు!"

సుభాషిణికి నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. ఈ రోజు కోసం ఆమె వేసవి నుంచి కాచుకుని ఉంది.

సారు తెలుగు బడిలో పంతులుగా సూరత్ వచ్చాడు. బడిలో చెప్పిన పాఠం కంటే బడి బయట పెట్టుకున్న తగాదాలే ఎక్కువ. ఎవరి రేషన్ కార్డు ఆగినా, ఎవరి చెయ్యి సాంచలో నలిగినా, ఏ పిల్లకు బడిలో చోటు లేదన్నా ఈయన చొక్కా తొడుక్కుని బయల్దేరేవాడు. రెండో అల వచ్చినప్పుడు కూడా ఊళ్లోవాళ్లకు మంచాలు దొరికించడానికి దవాఖానల చుట్టూ తిరిగి తిరిగి, చివరికి తనే ఒక మంచం మీద పడ్డాడు. మళ్లీ లేవలేదు. ఆమెను లోపలికి రానివ్వలేదు. ఒక మూటను బండిలో పెట్టి తీసుకెళ్లారు, దూరం నుంచి చూడమన్నారు. చూసింది. మూటకు ముఖం ఎక్కడుంటుంది? కాష్ఠం దగ్గరికి నలుగురు రావడానికి కూడా లేని రోజులవి. ఇంతమందికి ఇంత చేసిన మనిషిని పేరు పెట్టి పిలిచి సాగనంపినవాళ్లు లేరన్నది ఆమె గుండెలో ముల్లులా ఉండిపోయింది.

ఇప్పుడు దీపావళి సెలవులు అయిపోయి సాంచలు మళ్లీ మొదలయ్యాయి. ఊరు తెప్పరిల్లింది. పరమేశ్ ఆదివారం పొద్దున సభ పెడదామన్నాడు. సభకు ముఖ్య అతిథిగా హస్ముఖ్ సేటును పిలిచాడు. దానికీ ఒక కారణముంది. సేటుకు వడోద్‌లో ఒక పాత ఇల్లుంది. కింద పెద్ద గది. లోపల పాడైపోయిన సాంచల సామాను తప్ప ఏమీ లేదు, ఎప్పుడూ తాళమే. ఆ గది కోసం సారు బతికినన్నాళ్లూ సేటు పాత గుమాస్తాను అడుగుతూనే ఉన్నాడు. ఎందుకంటే సాంచల మీద పనిచేసేవాళ్ల ఆడపిల్లలు ఏడో తరగతి కాగానే ఇంట్లో కూర్చుని చీరలకు మెరిసే టిక్కీలు అతికించే పనిలో పడతారు. వాళ్లను సాయంత్రం కూడగట్టి పదో తరగతి పరీక్షకు తయారు చేసేవాడు సారు. ఎక్కడ? ఈ చాల్ మెట్ల మీద. వచ్చేపోయేవాళ్లు పిల్లల్ని దాటుకుంటూ తిట్టుకుంటూ వెళ్లేవాళ్లు. వాన వస్తే బడి లేదు.

ఆయన పోయాక కూడా పిల్లలు రావడం మానలేదు. పలకరించడానికి వచ్చారనుకుంది సుభాషిణి. వాళ్లు పుస్తకాలు తీశారు. ఏడో తరగతితో పెళ్లై వచ్చిన తనను పక్కన కూర్చోబెట్టుకుని పది గట్టెక్కించింది ఆయనే కదా. అందుకని ఆమే మొదలుపెట్టింది. మెట్ల మీద పిల్లలకు చెప్పడం సరే. కానీ మైకు ముందు? సుభాషిణి అని పేరు పెట్టిన పుణ్యాత్ములెవరో గానీ, నలుగురు పెద్దమనుషులు కనబడితే ఆమె నోరు పెగలదు. సారు ఎన్ని సభలకు తీసుకెళ్లినా వెనక బెంచీలో కూర్చుని వచ్చేది. ఈ రోజు మాత్రం స్టేజీ ఎక్కి సారు గురించి నాలుగు మాటలు చెప్పి, అందరి ముందు సేటును ఆ గది అడగాలి. పరమేశ్ గట్టిగా చెప్పాడు, ఆమె సరేనంది. వారం నుంచి గిన్నెలు తోముతూ, బియ్యం కడుగుతూ ఆ నాలుగు మాటలే గొణుక్కుంటోంది. గది దక్కాలి. అంతే. ఆయనకు చేయగలిగింది ఆమెకు అదొక్కటే కనబడింది.

గ్రౌండు దగ్గరికి వెళ్లేసరికి ఏముంది, జాతర! తెలుగువాళ్లు వచ్చారు, ఒడియావాళ్లు వచ్చారు, మరాఠీవాళ్లు వచ్చారు. గుజరాతీ ఆడవాళ్లు పూలదండలు, కొబ్బరికాయలు, పిండివంటల డబ్బాలు పట్టుకుని వచ్చారు. ఒక ముసలాయన ఫ్లెక్సు కింద సాష్టాంగపడి లేవడం లేదు. పోలీసాయన లాఠీ ఊపుతూ "మాస్కు పెట్టుకోండి, మాస్కు!" అంటూనే తన మాస్కు కిందికి లాగి ఫ్లెక్సుకు దండం పెట్టుకున్నాడు. స్పీకరులో భజన మోగుతోంది. సుభాషిణి జనాన్ని కలయజూసింది. సారు పోయినప్పుడు రాని జనమంతా ఈ రోజు కట్టగట్టుకుని వచ్చారు. కానీ వచ్చింది ఎవరి కోసం?

స్టేజీ వైపు నడిచింది. మధ్యలో ఒక తాడు కట్టి ఉంది. దాని దగ్గర సేటు కొత్త గుమాస్తా నిలబడి ఉన్నాడు.

"బేన్, ఆడవాళ్లు వెనక. మహారాజ్ పటం ముందుకు ఆడవాళ్లు రాకూడదు."

"నేను..." అంది సుభాషిణి. బ్రహ్మచారి మహారాజ్ భార్యనని చెబితే ఈయన ముఖం ఎట్లా ఉంటుందో ఊహించుకుని ఆగిపోయింది.

ఇంతలో పరమేశ్ ఉరికొచ్చాడు. చెమటకు చొక్కా ఒంటికి అంటుకుపోయింది. ఆమెను పక్కకు లాగాడు.

"అమ్మా, తప్పైపోయింది. నన్ను చెప్పుతోని కొట్టు, కానీ జర నా మాట ఇను. సేటు వచ్చి కూసున్నడు. ఫ్లెక్సు ఫొటో పొద్దుగాలనే ఫోన్ల చూసి మస్తు ఖుష్ అయిండు. గది అడుగుతమని గుమాస్తాతోని ముందే చెప్పి పెట్టిన, గదికి తాళంచెవి జేబుల ఏసుకొచ్చిండట! ఇయ్యాలనే ఇస్తడట! గుమాస్తా చెప్పిండు."

"నిజమా?"

"నీ కాళ్ల మీద ఒట్టు. మాస్టరుకైతే సేటు ఇస్తడా? ఇన్నేండ్లు ఇచ్చిండా? మహారాజ్ అనంగనే ఇస్తుండు. నువ్వు జర ఊకో. స్టేజీ ఎక్కకు. గది చేతికి రానీ, బొమ్మ సంగతి తర్వాత చూసుకుందం."

సుభాషిణి ఫ్లెక్సు వైపు చూసింది. తామరపువ్వు మీద నిలబడ్డ ఆ మనిషి వైపు చూసింది. లోపల ఎక్కడో చురుక్కుమంది. కానీ గది! పిల్లలకు గది! సారు ఉంటే ఏమనేవాడు? ఎట్లా వచ్చినా గది గదే అనేవాడేమో. ఆమె తల ఊపి తాడుకు ఇవతల, వెనక వరసలోకి వెళ్లి కూర్చుంది. లత వచ్చి పక్కన చేరింది.

అటు పక్కన తెల్లచీర కట్టుకున్న ఒక ముసలమ్మ, వెండి ఫ్రేము కళ్లద్దాలు, చేతిలో పూలదండ. సుభాషిణికి చోటిస్తూ జరిగింది.

"తెలుగుదానివా బేన్?" అని గుజరాతీలో అడిగింది.

"అవును బా." ఆడవాళ్లను అక్కా అన్నట్టు బేన్ అని, పెద్దావిడను బా అని ఇక్కడ పిలుస్తారు. కూరగాయల బజారులో నేర్చుకున్న గుజరాతీ సుభాషిణికి ఆ మాత్రం వచ్చు.

"ఆ మధ్య కుర్చీలో కూర్చున్నవాడు నా కొడుకు, హస్ముఖ్. అడాజన్ నుంచి ఇద్దరం ఒకే కారులో వచ్చాం. వాడు ముందు, నేను వెనక. ఎప్పుడూ ఇంతే. ఇక్కడ్నుంచి మాట వినబడదు, మనిషి కనబడడు. ఇంటికెళ్లాక 'ఏం చెప్పారురా' అని వాణ్నే అడుగుతాను. సగం చెప్పి నిద్రపోతాడు." ముసలమ్మ మాస్కు సర్దుకుని ఇంకా దగ్గరికి జరిగింది. "నువ్వు మహారాజ్ దర్శనం చేసుకున్నావా?"

"చేసుకున్న బా."

"దగ్గర్నుంచా?"

"చానా దగ్గర్నుంచి."

లత దగ్గు వచ్చినట్టు నటించింది.

"ఎంత అదృష్టం! ఏం తీసుకునేవారు? పాలూ పండ్లేనా?"

"జొన్నరొట్టె. పచ్చిపులుసు."

"అయితే ఉల్లిపాయ తినేవారు కారు కదా?"

"ఉల్లిగడ్డ లేకుంటే కంచం ముందు కూసునేటోడే కాదు."

ముసలమ్మ కనుబొమలు కళ్లద్దాల పైకి లేచాయి. "ఏ సంప్రదాయమో!" అని గొణుక్కుంది. "ఇంకా?"

"ఆదివారం ఆదివారం..." అని మొదలుపెట్టిన సుభాషిణి గబుక్కున నాలుక కరుచుకుంది. ఆదివారం వంటకానికి మేక కావాలని ఈమెకు ఎట్లా చెప్పేది?

"ఆదివారం ఉపవాసమా?"

"గట్లాంటిదే బా."

లత మాస్కులోపల కిచకిచలాడుతూ ముందుకు వంగిపోయింది. సుభాషిణికి కూడా నవ్వు పొంగుకొచ్చింది. ఆయన పోయాక ఆయన్ను తలుచుకుని నవ్వడం ఇదే మొదలు. ఆ నవ్వుతోపాటు మనిషి ఎదురుగా వచ్చి నిలబడినట్టే అనిపించింది, పచ్చిపులుసు చేతికంటిన మనిషి, అసలు మనిషి.

భజన ఆగింది. హస్ముఖ్ సేటు మైకు అందుకున్నాడు. తెల్లటి సఫారీ, మెడలో రెండు దండలు. మహారాజ్ గురించి అరగంట మాట్లాడాడు. ఆయనకు తెలిసిందేమీ లేదు కాబట్టి ఎంతసేపైనా మాట్లాడగలిగాడు. హిమాలయాలూ వచ్చాయి, తపస్సూ వచ్చింది. చివరికి జేబులోంచి తాళంచెవి తీసి పైకెత్తి చూపించాడు. జనం చప్పట్లు కొట్టారు. పరమేశ్ స్టేజీ పక్కనుంచి సుభాషిణి వైపు చూసి రెండు చేతులూ గాల్లోకి ఊపాడు. ఆమె కూడా లేచి నిలబడింది. ఒళ్లంతా పులకరించింది.

"వడోద్‌లోని మా ఇంటి కింది గదిని ఈ రోజు మహారాజ్‌కు సమర్పిస్తున్నాను," అన్నాడు సేటు. "పాలరాయి పరిపిస్తాను. మహారాజ్ పటం పెట్టిస్తాను. రోజూ హారతి. అది బ్రహ్మచారి మహారాజ్ స్థానం కాబట్టి నియమం నియమంలాగే ఉంటుంది. ఆడవాళ్లు గడప దాటరు. బయట నుంచే దండం పెట్టుకోవాలి."

మళ్లీ చప్పట్లు. పరమేశ్ చేతులు గాల్లోనే ఆగిపోయాయి.

"గడప దాటొద్దా?" అంది లత. "మరి మేం? క్లాసు?"

సుభాషిణి తాడు వైపు చూసింది. ఆడపిల్లల కోసం ఆయన అడిగి అడిగి అలిసిపోయిన గది, ఆయన పేరు మీదే ఆడపిల్లలకు మూతబడుతోంది! నోరు మూసుకుంటే గది మహారాజ్‌కు పోతుంది. నోరు తెరిస్తే అసలే పోతుంది. రెండు విధాలా పోయేదే అయినప్పుడు నోరు మూసుకోవడం దేనికి? ఇక కోపం వచ్చింది. ఎట్లాంటి కోపమంటే, సారుకు వచ్చేదే, చొక్కా తొడుక్కుని బయల్దేరేటప్పటి కోపం. ఆమె తాడు దగ్గరికి నడిచింది. దాన్ని పైకెత్తి కింది నుంచి దూరింది.

"బేన్! బేన్! ఇటు రాకూడదు!" గుమాస్తా అడ్డం వచ్చాడు.

"జరుగు," అంది సుభాషిణి. ఆ గొంతు విని గుమాస్తా జరిగాడు. ఎందుకు జరిగాడో అతనికే తెలియదు.

స్టేజీ ఎక్కింది. మైకు సేటు చేతిలో ఉంది. ఆయన ఇంకా తేరుకోకముందే అందుకుంది. ఎదురుగా గ్రౌండు నిండా జనం. వారం నుంచి గొణుక్కున్న నాలుగు మాటల్లో ఒక్కటీ గుర్తురాలేదు. వెనక్కి తిరిగి ఫ్లెక్సు చూసింది. ముందుకు తిరిగింది. హిందీలో అరిచినంత గట్టిగా అంది:

"బ్రహ్మచారి ఉన్‌కా నామ్ థా... కామ్ నహీ!"

పేరే బ్రహ్మచారి, పని కాదు! ముందు తెలుగువాళ్ల వైపు నుంచి ఒక నవ్వు తన్నుకొచ్చింది. తర్వాత అటు, ఇటు.

"నేను ఆయన పెండ్లాన్ని. నాకొక బిడ్డ ఉంది, నిజామాబాద్‌ల నర్సు. బిడ్డకొక బిడ్డ. ఇగ మీరే లెక్క చూసుకోండ్రి!"

జనం గొల్లున నవ్వారు. సాష్టాంగపడ్డ ముసలాయన లేచి కూర్చున్నాడు. పోలీసాయన మాస్కు ముఖం మీదికి లాక్కున్నాడు, నవ్వు కనబడకూడదని. ఆమె మాట్లాడుతున్నది హిందీయో, గుజరాతీయో, తెలుగో ఆమెకే తెలియలేదు. మూడూ కలిసి వస్తున్నాయి, అందరికీ అందుతున్నాయి.

"ఈ గడ్డం తపస్సు గడ్డం కాదు, మంగలి దొరకని గడ్డం. ఈ చెయ్యి దీవెన కాదు, లైన్ల నిలబెట్టుడు. ఆయన స్వామి కాదు. ఆడపిల్లలు చదువుకోవాలని మెట్ల మీద కూసోని పాఠం చెప్పిన పంతులు. ఇగో, మీ సాంచల మీద పనిచేసేటోళ్లకు అన్నం లేదంటే సేట్ల గేట్ల ముంగట నిలబడి లొల్లి చేసిన మాస్టర్!"

సేటు ముఖం మారింది. కుర్చీలోంచి ముందుకు వంగాడు.

"ఆగు, ఆగు. లాక్‌డౌన్‌లో అడాజన్‌లో మా గేటు ముందు రోజంతా అరిచిన మాస్తరా? ఆ మాస్తరేనా ఈయన?"

పరమేశ్ రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. గది పోయిందనుకున్నాడు.

"ఆయనే సేటూ," అంది సుభాషిణి. "నువ్వు లోపలికి పోయి తలుపేసుకున్నవు. పేరు కూడ అడగలే. అందుకే ఇయ్యాల పేరు విని ఎవరో అనుకున్నవు."

"నన్ను పిలిచి అవమానిస్తారా?" సేటు లేచాడు. మెడలోంచి దండలు తీసి కుర్చీలో పడేశాడు. "మహారాజ్ అని చెప్పి, ఆ మాస్తర్‌కు నాతో దండం పెట్టిస్తారా? గదీ లేదు, గడపా లేదు. అయిపోయింది!" తాళంచెవి జేబులో వేసుకుని మెట్ల వైపు తిరిగాడు.

సుభాషిణికి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ నీళ్లు గది కోసం కాదు.

"పో సేటూ. తప్పు మాదే, ఫ్లెక్సు తప్పు వడ్డది, మేం చెప్పకుంట ఊకున్నం. గది ఇయ్యకు. కానీ దవాఖానల నాకు ఆయన ముఖం చూపియ్యలే. మూట కట్టి తీసుకపోయిండ్రు. ఇయ్యాల ఇంతమంది వస్తే, గీ బొమ్మల కూడ ఆయన లేడు. రెండోసారి కూడ ఆయన్ను ఇంకెవరి లెక్కనో సాగదోలమంటే నాతోని కాదు. ఆయన పేరు గుండోజు బ్రహ్మచారి. పంతులు. నా మొగడు. ఒక్కసారి గట్టిగ పిలువుండ్రి, నేను దిగిపోత!"

తెలుగువాళ్లంతా లేచారు. "బ్రహ్మచారి సారూ!" అని పరమేశ్ అరిచాడు, గొంతు పగిలిపోయేలా. జనం అందుకున్నారు. ఒడియావాళ్లు అందుకున్నారు, మరాఠీవాళ్లు అందుకున్నారు. దండలు తెచ్చిన గుజరాతీ ఆడవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుని, తెచ్చిన దండలు వృథా ఎందుకన్నట్టు వాళ్లూ అందుకున్నారు. సుభాషిణి మైకు పట్టుకుని నిలబడి ఏడ్చింది, నవ్వింది, మళ్లీ ఏడ్చింది. ముల్లు ఊడి వచ్చినట్టు ఉంది. ఇక ఏ గదైనా పోనీ.

ఆ సందట్లో తాడు ఇవతల ఎవరో "జరగండి, జరగండి" అంటున్నారు. వెండి కళ్లద్దాల ముసలమ్మ. లత భుజం పట్టుకుని, గది సంగతీ క్లాసు సంగతీ అది చెవిలో చెబుతుంటే వింటూ వచ్చింది, తాడు అడ్డం వస్తే చేత్తో కిందికి నొక్కి దాటింది. గుమాస్తా ఈసారి ప్రయత్నం కూడా చేయలేదు. స్టేజీ మెట్ల దగ్గర కొడుకుకు ఎదురొచ్చింది.

"హస్ముఖ్, కూర్చో."

"బా, పద, వెళ్దాం. ఈ జనం..."

"కూర్చోమన్నాను."

సేటు మెట్టు మీదే కూర్చున్నాడు.

"ఈమె అడిగే గది ఏ ఇంట్లోది?"

"మన వడోద్ ఇల్లు బా."

"అది ఎవరి పేరు మీద ఉంది?"

సేటు తల గోక్కున్నాడు. "నీ పేరు మీదే బా. టాక్సు కోసం అప్పుడు..."

"మరి నాకెందుకు చెప్పలేదు? కాగితం తెచ్చావు, నా బొటనవేలు పట్టుకుని సిరాలో ముంచావు, అద్దావు, తుడిచావు. ఏం రాసుందో నువ్వు చదివి వినిపించలేదు. నేనూ అడగలేదు. నాకు ఇల్లుందని ఇంత ముసలిదాన్నయ్యాక గ్రౌండులో తెలుస్తోంది!" ముసలమ్మ మెల్లగా స్టేజీ ఎక్కి సుభాషిణి ముందు నిలబడింది. ఆమెను కిందినుంచి పైదాకా చూసింది.

"ఉల్లిపాయ దగ్గరే నాకు అనుమానం వచ్చింది," అంది.

సుభాషిణి చెంపలు తుడుచుకుంటూ నవ్వేసింది.

"నీకు గుజరాతీ అక్షరాలు వచ్చా?"

"వచ్చు బా. ఆయనే నేర్పిండు."

"పేరు రాయడానికి ఎన్నాళ్లు పడుతుంది? నాలాంటిదానికి?"

"మీ పేరేంది బా?"

"శాంతా."

"రెండక్షరాలే," అంది సుభాషిణి. "తొందరగనే వస్తది."

"క్లాసు ఎన్నింటికి?"

"పొద్దుగూకినంక బా. దీపాలు పెట్టే యాళ్లకు."

ముసలమ్మ కొడుకు వైపు తిరిగి అరచెయ్యి చాపింది. సేటు జేబులోంచి తాళంచెవి తీసి అందులో పెట్టాడు.

"రేపట్నుంచి సాయంత్రం కారు నాకు కావాలి హస్ముఖ్," అంది బా. "నువ్వు ఇంటికి రిక్షాలో రా."